గురువారం నేనూ వస్తాను

చిరంజీవి బాబీకి పెద్దమ్మ ఆశీస్సులు.

సూర్యాపేట దగ్గర ఆ యాక్సిడెంటు అయ్యాక, కారు తాళాలు మీ నాన్న చేతిలో పెట్టేసి నాలుగు నెలలుగా మెట్రోలో ఆఫీసుకి వెళ్తున్నావని మీ అమ్మ చెప్పింది. మళ్లీ ఆ దారిలోనే రావాల్సి వస్తుందని పండక్కి ఇంటికే రాలేదట. తెల్లవారుజామున మూడింటికి లేచి కూర్చుంటున్నావట. "మగపిల్లాడు, గుండె దిటవు చేసుకోవాలి కదక్కా" అంది పాపం. దిటవుతో పోయేదయితే నాకు ఎప్పుడో పోయేది అన్నాను.

నా సంగతి నీకు సగమే తెలుసు. 1977 నవంబరు 19, శనివారం, దివిసీమ ఉప్పెన. నాకు పన్నెండేళ్లు, తమ్ముడికి ఆరు. మీ అమ్మ అప్పటికింకా పుట్టలేదు. నీళ్లు ఇంటి చూరు దాటాక ఒక తుమ్మచెట్టు దొరికింది. ఒక చేత్తో దాన్ని పట్టుకున్నాను, రెండో చేతిలో తమ్ముడి చెయ్యి. ముళ్లు దిగబడుతున్నా కొమ్మ వదల్లేదు. తమ్ముడి చెయ్యి జారిపోయింది.

ఆ తర్వాత ముప్పై ఏడేళ్లు ఎవరితోనూ ఆ మాట అనలేదు. చదువుకున్నాను, పంతులమ్మనయ్యాను, బాగానే ఉన్నాననుకున్నాను. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖను ఊపేయడం టీవీలో చూశాను. ఆ వారంలోనే బళ్లో గాలికి తలుపు దడేలున కొట్టుకుంది. నలభై మంది పిల్లల ముందు టేబుల్ కిందకి దూరిపోయాను. మొదట చూపించుకున్న డాక్టరు నిద్రమాత్రలు రాసి పంపేశారు. నిద్ర పట్టింది, కలలు మాత్రం పోలేదు. ఆఖరికి తోటి టీచరమ్మ ఒకావిడ విజయవాడలో ఒక క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లింది, మందులతో కాక మాటలతో మనసుకి వైద్యం చేసేవాళ్లు.

అందుకే ముందుగా మనిషిని చూసుకోమంటున్నాను. బోర్డు పెట్టుకున్న ప్రతివాళ్లూ ఈ పని నేర్చుకున్నవాళ్లు కారు. క్లినికల్ సైకాలజిస్టు అయితే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్ట్రేషన్ ఉండాలి. అడుగు, అడగడం తప్పేం కాదు. "ఇలాంటి ప్రమాదాల తర్వాత వచ్చినవాళ్లకు మీరేం చేస్తారు" అని కూడా అడుగు. పద్ధతి ఉన్నవాళ్లు పద్ధతి చెబుతారు. మందులు అవసరమైతే అవి రాసేది సైకియాట్రిస్టు, అక్కడికి వెళ్లడం కూడా చిన్నతనమేమీ కాదు. నువ్వు చెప్పిన మాట గోప్యంగా ఉంచాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమే చెబుతోంది. ప్రాణానికి ముప్పు ఉందనిపిస్తే తప్ప మీ అమ్మకి కూడా చెప్పరు.

మొదటి రోజే అంతా చెప్పేయాలనుకోకు. నేను వెళ్లిన రోజు నా పేరు, ఊరు చెప్పి, గంటసేపు బల్ల మీద గాజుగ్లాసు చూస్తూ కూర్చున్నాను. ఆవిడ తొందరపెట్టలేదు. నిద్ర ఎలా ఉంది, దేన్ని తప్పించుకు తిరుగుతున్నారు అని మాత్రం అడిగారు. ఈ రెండూ నువ్వు ఒక కాయితం మీద రాసుకుని వెళ్తే చాలు.

నాలుగో వారం నుంచి అసలు పని మొదలైంది. కళ్లు మూసుకుని ఆ రాత్రిని ఇప్పుడే జరుగుతున్నట్టు చెప్పమన్నారు. దాన్ని ఫోన్‌లో రికార్డు చేసి, రోజూ ఇంట్లో వినమన్నారు. బాబీ, ఉన్నదున్నట్టు చెబుతున్నాను, ఆ రెండు మూడు వారాలూ ముందుకన్నా ఎక్కువ బాధపడ్డాను. ఇక వెళ్లనని మీ పెదనాన్నతో అన్నాను. చాలామంది మానేసేది అక్కడే. నువ్వు మానకు. మరీ కష్టంగా ఉంటే వాళ్లకే చెప్పు, వేగం తగ్గిస్తారు. ఆ సాయంత్రాలు వేరే పని పెట్టుకోకు, అన్నం తిని పడుకో.

వినగా వినగా ఒకరోజు ఆ గొంతు నాకు పాత గొంతులా వినిపించింది. అప్పుడావిడ అడిగారు: "మీరు పాఠం చెప్పే ఏడో తరగతిలో అందరికంటే చిన్నగా ఉండే పిల్ల ఎవరు?" ఒక పిల్ల గుర్తొచ్చింది, రెండు జడలు, మోచేతి ఎముక బయటికి కనిపించేంత సన్నం. "ఆ పిల్ల చేతిలోంచి తమ్ముడు జారిపోతే మీరు ఆ పిల్లనేమంటారు?" నా దగ్గర మాట లేదు. అన్నేళ్లూ నేను తిట్టుకున్నది ఆ ఎముకల చేతినే అని అప్పుడు తెలిసింది. అంతసేపు ఏడ్చింది మళ్లీ లేదు.

ఇక నీ సంగతి. ఆ రాత్రి స్టీరింగు నీ చేతిలో ఉంది, పోయినవాడు పక్క సీట్లో ఉన్నాడు. "నీ తప్పేం లేదు" అని అందరూ అంటున్నారు, నీకు ఎక్కడం లేదు. నేనూ అనను. ఆ రాత్రి లారీ ఎక్కడ ఆగి ఉంది, నీకు ఎంత దూరంలో కనిపించింది, ఎంత టైము దొరికింది, అవన్నీ ఆ గదిలో ఒక్కొక్కటిగా నువ్వే పరిచి చూడాలి. నిజంగా నీ వల్ల జరిగింది ఏదైనా ఉంటే దాని కొలత ఎంతో అంతే మిగులుతుంది. ఇప్పుడు మోస్తున్నదంతా మిగలదు.

తప్పించుకు తిరుగుతున్నవాటి దగ్గరికి కూడా మెల్లగా తీసుకెళ్తారు. నేను ముందు దివిసీమలో కోడూరు దాకా బస్సెక్కాను, ఇంకో వారం కరకట్ట మీద నిలబడ్డాను, ఆ తర్వాత హంసలదీవిలో సముద్రం ఒడ్డున ఇసుక మీద కూర్చుని తెచ్చుకున్న పులిహోర తిన్నాను. నీకు బహుశా ఆపిన కారులో కూర్చోవడంతో మొదలుపెడతారు.

మీ పెదనాన్న అంటుంటారు, ఆ తర్వాత నేను మారానని. ఉప్పెన వల్ల మంచి జరిగిందని ఎవరన్నా అంటే నాకు ఇప్పటికీ కోపమొస్తుంది, ఏ మంచీ జరగలేదు. కానీ తమ్ముడి పేరు ఇప్పుడు ఇంట్లో మామూలుగా అంటాం. వాడికి బెల్లప్పాలంటే ఇష్టమని మీ అమ్మకి తెలిసింది ఆ తర్వాతే. ఎవరింట్లోనైనా చావు జరిగితే వెళ్లి మాట్లాడకుండా పక్కన కూర్చోగలుగుతున్నాను. ముందైతే గుమ్మంలోంచే వచ్చేసేదాన్ని.

బతకడం దండగ అనిపించే రాత్రి వస్తే నా ఫోనుకి చెయ్యి, ఏ వేళైనా సరే. నాకు చెప్పలేనిదయితే 14416, టెలీ మానస్, ప్రభుత్వానిది. తెలుగులోనే మాట్లాడతారు, ఇరవై నాలుగు గంటలూ ఉంటారు.

గురువారం నాలుగింటికి అపాయింట్‌మెంట్ అన్నావు. నేను పొద్దున బస్సుకే బయల్దేరతాను. లోపలికి రాను, ఏం మాట్లాడావని అడగను. బయట బెంచీ మీద కూర్చుంటాను, ఇద్దరం కలిసి మెట్రోలో ఇంటికెళ్దాం. బెల్లప్పాలు తెస్తున్నాను.

ప్రేమతో,
పెద్దమ్మ