టీవీ శబ్దం తగ్గించి వినే తండ్రికి

ప్రశ్న: నా వయసు 61. రెండెకరాలు తాకట్టు పెట్టి మా ఒక్కగానొక్క కొడుకును 2016లో వైద్యం చదవడానికి రష్యా పొరుగునున్న జార్జియా పంపాను. 2022లో చదువు పూర్తిచేసి వచ్చాడు. ఇక్కడి అర్హత పరీక్ష రెండుసార్లు తప్పాడు. కోపంలో నాలుగు మాటలన్నాను. తిరిగి అక్కడి రాజధాని టిబిలిసి వెళ్లిపోయి, మన పిల్లలుండే హాస్టల్ పనులు చూసుకుంటున్నాడు. ఇప్పుడు అక్కడి అమ్మాయిని పెళ్లి చేసుకుంటాడట. 2008లో రష్యాతో జరిగిన యుద్ధంలో ఊరు పోగొట్టుకుని, ప్రభుత్వం కట్టించిన ఇంట్లో ఉంటున్న నిర్వాసితుల సంబంధం. అమ్మమ్మ ఇంకా సరిహద్దు కంచె అవతల, రష్యా పట్టులో ఉన్న ఊళ్లోనే ఉందట. రష్యా ఏ రోజైనా మళ్లీ మీద పడవచ్చు. అలాంటి దేశంలో కొడుకును ఎలా వదిలేస్తాం? వాళ్లమ్మకు గుండెజబ్బని చెప్పి రప్పించి, పాస్‌పోర్టు దాచేయమని మా అన్నయ్య సలహా. వాడికీ నాకూ ఏడాదిన్నరగా మాటల్లేవు. రోజూ రాత్రి పదిన్నరకు నా భార్య ఫోను తీసుకుని డాబా మీదికి వెళుతుంది. నేను టీవీ శబ్దం తగ్గించి వింటుంటాను. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఉత్తరం నాలుగు పేజీలు. చోటు చాలక కుదించి వేశాం. అందులో మూడు పేజీలు రష్యా గురించే ఉన్నాయని మాత్రం చెప్పక తప్పదు.

ముందు మీ అన్నగారి సలహా సంగతి. వద్దు. లేని జబ్బు అంటగట్టడానికి మీకు ఇంట్లో దొరికిన మనిషి ఆవిడేనా? రేపు నిజంగా ఆమెకు ఛాతీలో నొప్పి వచ్చిన నాడు ఎవరిని పిలుస్తారు? 27 ఏళ్లవాడి పాస్‌పోర్టు బీరువాలో పెట్టి తాళం వేస్తే మనిషి ఇంట్లో ఉంటాడేమో, కొడుకు ఉండడు. దీని మీద ఇంతకంటే రాయను.

ఇక యుద్ధం. మీ భయంలో నిజం లేదనను. 2008 ఆగస్టు 7 రాత్రి మొదలై 12న ఫ్రాన్స్ అధ్యక్షుడి మధ్యవర్తిత్వంతో సంధి దాకా వచ్చిన ఆ 5 రోజుల పోరులో అన్ని వైపులా కలిపి సుమారు 850 మంది పోయారు. గోరి పట్టణం మీద బాంబులు పడ్డాయి. రష్యా ట్యాంకులు టిబిలిసికి 50 కిలోమీటర్లలోపుకు వచ్చి ఆగాయి. 40 లక్షల మంది కూడా లేని దేశం 14 కోట్ల దేశంతో తలపడితే ఇంకేమవుతుంది? రష్యా అండతో విడిపోయిన అబ్ఖాజియా, దక్షిణ ఒసేటియా ప్రాంతాలు కలిపి దేశంలో అయిదో వంతు నేల ఈనాటికీ జార్జియా చేతిలో లేదు. దక్షిణ ఒసేటియాను వేరు చేసే గీత వెంట చాలాచోట్ల ముళ్లకంచెలు. తప్పిపోయిన ఆవు కోసం వెళ్లిన రైతును పట్టుకుపోవడం అక్కడ మామూలు. 2023 నవంబరులో కీర్బలి గ్రామం దగ్గర చర్చికి వెళ్లిన ఒకాయనను రష్యా సైనికులు కాల్చి చంపారు.

అయితే మీవాడు కంచె పక్కన పశువులు కాయడం లేదు కదా.

టిబిలిసిలో బతుకు వేరు. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక రష్యన్లే వేలాదిగా వచ్చి ఆ నగరంలో ఇళ్లు అద్దెకు తీసుకున్నారు. అద్దెలు ఆకాశానికంటి, చదువుకునే పిల్లలు గదులు దొరకక అల్లాడారు. రెండు దేశాల మధ్య 2008 నుంచి దౌత్య సంబంధాలు లేవు, అయినా జార్జియా వైన్ అందరికంటే ఎక్కువ కొనేది రష్యావాళ్లే. ఊళ్లో పెద్ద కమతం ఉన్నవాడితో ఎంత పేచీ ఉన్నా నీళ్లు అతని పొలం మీదుగానే రావాలి. సేద్యం చేసిన మీకు ఇది నేను చెప్పాలా? మీవాడికి జాగ్రత్త చెప్పాలనుకుంటే రెండు మాటలు చెప్పండి. ఊరేగింపులు, నిరసనలు జరిగే చోటికి పోవద్దని, చలికాలంలో మూసిన గదుల్లో హీటరుతో, జనరేటరుతో భద్రమని. 2024 డిసెంబరులో అక్కడి కొండల్లోని గుడౌరి అనే విహారకేంద్రంలో 11 మంది మన దేశస్థులను ఒక్క రాత్రిలో పొట్టన పెట్టుకున్నది ఫిరంగి కాదు, వాళ్లు నిద్రపోయిన చోట నిండిన విషవాయువు.

మీకు ఇవేవీ తెలియవని నేననుకోవడం లేదు. అక్కడ చదివిన ఆరేళ్లలో వాడికి మీరు ఎన్నిసార్లు 'రష్యా వస్తుంది, వచ్చేయి' అని చెప్పారు? ఫీజు కట్టినన్నాళ్లూ గుర్తురాని రష్యా, పెళ్లి అనేసరికి సరిహద్దు దాటి మీ ఇంటి గుమ్మం దాకా వచ్చిందా?

ఉత్తరంలో ఒక్క వాక్యంతో దాటేసిన చోట ఆగుదాం. 'నాలుగు మాటలన్నాను.' ఏమిటా మాటలు? రష్యా గురించి మూడు పేజీలు రాసిన చెయ్యి అక్కడ కలం మూసేసింది. నేను ఊహించగలను. రెండెకరాల లెక్క తీసి ఉంటారు. బంధువుల పిల్లలెవరి పేరో ఎత్తి ఉంటారు. వాడు తప్పిన ఆ అర్హత పరీక్ష ఎలాంటిదో తెలుసా? 300 ప్రశ్నలకు 150 సరిగ్గా రాస్తే గాని గట్టెక్కరు, ప్రతిసారీ రాసినవాళ్లలో తప్పేవాళ్లే ఎక్కువ. తప్పడం వాడి నేరం కాదు. తప్పి, తలుపు దగ్గర నిలబడ్డ కుర్రవాడికి ముందు మంచినీళ్లు ఇవ్వాలి. లెక్కలు తరువాత చూసుకోవచ్చు.

వాడు ఎదురు మాట్లాడాడనీ, వాడే ముందు ఫోన్ చేయడం మానేశాడనీ అంటారు. 2008 యుద్ధం ఎవరు మొదలుపెట్టారో తేల్చడానికి యూరోపియన్ యూనియన్ ఒక విచారణ సంఘం వేసింది. మొదట ఫిరంగులు పేల్చింది జార్జియానేననీ, దాని వెనక ఏళ్ల తరబడి రెచ్చగొట్టడాలు ఉన్నాయనీ 2009లో నివేదిక ఇచ్చింది. ఇరుపక్షాలూ తమకు పనికొచ్చే సగాన్ని మాత్రం చదువుకుని సంతోషించాయి. మీ ఇంటికి అలాంటి సంఘం ఒద్దు. ఇద్దరిలో పెద్దవారు మీరు, అంతే.

'నిర్వాసితుల సంబంధం' అన్న మాట నాకు గుచ్చుకుంది. శ్రీశైలం కింద ఊళ్లు మునిగినవాళ్ల పిల్లను మన కుటుంబాలు చేసుకోలేదా? ఆ అమ్మాయిది అఖల్‌గోరి అని రాశారు. సంధి కుదిరిన తరువాత రష్యా చేతికి పోయిన ఊరది. అక్కడి నుంచి వచ్చినవాళ్లకు హైవే పక్కన త్సెరోవానిలో సుమారు 2,000 ఇళ్లు కట్టించారు. అన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి, కొత్తగా వచ్చినవాడు తన గుమ్మం పోల్చుకోలేడు. ఏడేళ్ల వయసులో అలాంటి ఇంటికి వచ్చి, చదువుకుని, ఉద్యోగం చేసి తల్లిని చూసుకుంటున్న పిల్లను మీరు ఇంకా చూడలేదు. అమ్మమ్మ మాత్రం ఊరు వదలలేదు. అక్కడికి పోయే దారిని 2019 సెప్టెంబరులో మూసేశారు. జబ్బు చేసిన ముసలివాళ్లు సమయానికి ఇవతలి ఆసుపత్రికి చేరలేకపోయారు. ఆ తరువాత నెలలో కొన్ని రోజులు తెరుస్తున్నారు, అదీ అనుమతి కాగితం ఉన్నవాళ్లకే. ఆ రోజుల కోసం మందులు, చక్కెర మూట కట్టుకుని కాచుకుని ఉండే కుటుంబం అది. మనిషి విలువ అలాంటివాళ్లకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

అసలు మీకు భయం రష్యా కాదనుకుంటాను. మీ అన్నగారి అమ్మాయి పెళ్లిలో నలుగురూ అడిగితే ఏం చెప్పాలన్నది. ఆ నలుగురిలో ఒక్కరైనా మీ తాకట్టు వడ్డీ కట్టారా?

డబ్బు మాటకొస్తే, అక్కడ నేను మీ పక్షం. పొలం విడిపించాల్సిన పూచీ వాడిదే. పెళ్లి ఎవరితో చేసుకున్నా, ఏ దేశంలో ఉన్నా తీరే బాకీ కాదది. నెలకు ఇంత అని పంపమని చెప్పండి. వాళ్లమ్మ చేత కాదు, మీరే చెప్పండి, అప్పుగా చెప్పండి, దెప్పిపొడుపుగా కాదు. ఆత్మగౌరవం ఉన్న కొడుకు అది విని తేలికపడతాడు. ఇక్కడి పరీక్ష మళ్లీ రాస్తాడా, అక్కడే ఆ భాష నేర్చుకుని వైద్యం చేస్తాడా, వాడు తేల్చుకోనీయండి.

మీ భార్య ఉత్తరమంతటిలో ఒక్క మాట మాట్లాడలేదు. ఏడాదిన్నరగా మీ మాటల్లో కరుకు తీసేసి వాడికీ, వాడి మాటల్లో ఉక్రోషం తీసేసి మీకూ మోస్తున్నది ఆవిడ. ఆమె ఏమనుకుంటోందో అడిగారా? అమ్మమ్మ కంచె అవతల ఉందన్న సంగతి మీకెలా తెలిసింది? టీవీ శబ్దం తగ్గించినందువల్ల. అంటే మీరూ రోజూ ఆ ఫోనులో ఉన్నారు, మాట్లాడడం ఒక్కటే తక్కువ.

ఇవాళ రాత్రి టీవీ పూర్తిగా కట్టేయండి. పదిన్నరకు ఇక్కడి నుంచి మెట్లెక్కితే అక్కడ తొమ్మిది, వాడు భోంచేసి కూర్చుని ఉంటాడు. ఫోను అందుకున్నాక క్షమాపణలూ వద్దు, పెళ్లి ఊసూ వద్దు. మొదటి రోజే అంత బరువు మోయలేరు, ఇద్దరూ. ఆ పిల్ల అమ్మమ్మకు ఈ నెల దారి తెరిచారా అని అడగండి.