జిల్జియన్ అన్న ఆర్మేనియన్ ఇంటిపేరు ఎలా పుట్టింది, ఎందుకంత అరుదు?

డ్రమ్ కిట్‌లోని సింబల్స్, అంటే పళ్ళెం లాంటి పెద్ద కంచుతాళాల మీద కనిపించే జిల్జియన్ అన్నది కంపెనీ పేరా లేక మనిషి పేరా, మనిషి పేరే అయితే పెట్రోసియన్, సర్కీసియన్ లాంటి పేర్లు తరచుగా వినబడుతుండగా ఇది ఆ ఒక్క కంపెనీ దగ్గర తప్ప ఇంకెక్కడా ఎందుకు వినబడదు, సేబియన్ అన్న మరో సింబల్స్ కంపెనీ పేరు కూడా ఈ కోవలోదేనా అని మీరు అడిగారు. నేను విజయవాడలో పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాలలో కొన్నేళ్ళు డ్రమ్స్ వాయించినవాణ్ణి. ఆ తరువాత ఉద్యోగరీత్యా బోస్టన్ పక్కనున్న వాటర్‌టౌన్‌లో స్థిరపడ్డాను. అది అమెరికాలో ఆర్మేనియన్లు చాలాకాలంగా నివసిస్తున్న ఊళ్ళలో ఒకటి కావడం వల్ల, ఇరుగుపొరుగు కుటుంబాల నోట వాళ్ళ ఇంటిపేర్ల సంగతులు చాలా విన్నాను, విన్నవాటిని ఆసక్తి కొద్దీ చదివి సరిచూసుకున్నాను కూడా.

జిల్జియన్ అచ్చమైన ఆర్మేనియన్ ఇంటిపేరే. కాకపోతే అందులో ఆర్మేనియన్ భాషకు చెందినది చివరి తునక ఒక్కటే. ‘జిల్’ అంటే తుర్కీ భాషలో కంచుతాళం. దానికి చేరిన ‘జి’ ఆ పని చేసేవాణ్ణి సూచించే తుర్కీ ప్రత్యయం. ఖజాంచి, మషాల్చి అన్న మాటల చివర మనకు వినిపించే ‘చి’ కూడా అదే. ఆపైన వచ్చే ‘యన్’ మాత్రం ఆర్మేనియన్ ప్రత్యయం, ఫలానా వారి వంశానికి చెందినవారని చెబుతుంది. మొత్తం కలిపితే కంచుతాళాలు చేసేవారి ఇంటివాళ్ళు అన్నమాట. తుర్కీ సుల్తానుల ఒట్టోమన్ సామ్రాజ్యంలో శతాబ్దాల పాటు బతికిన ఆర్మేనియన్లలో, ముఖ్యంగా పట్టణాల్లో చేతివృత్తులు చేసుకున్న కుటుంబాలలో, ఇటువంటి మిశ్రమ ఇంటిపేర్లు కోకొల్లలు. దర్జీ ఇంటివారు టెర్జియన్, కమ్మరి ఇంటివారు దెమిర్జియన్, రొట్టెలు కాల్చేవారు ఎక్‌మెక్‌జియన్, అద్దకం పనివారు బొయాజియన్, కంసాలులు కుయుమ్‌జియన్ అయ్యారు.

అయితే పై పేర్లకూ జిల్జియన్‌కూ పుట్టుకలోనే ఒక పెద్ద తేడా ఉంది, అరుదుగా కనిపించడానికి అసలు కారణం కూడా అక్కడే ఉందని నా అభిప్రాయం. దర్జీ లేని ఊరుండదు. కాబట్టి టెర్జియన్ అన్న ఇంటిపేరు ఒకచోట పుట్టి పాకినది కాదు, ఊరూరా ఎవరికి వారే పెట్టుకున్నది, లేదా ఊరివాళ్ళు పిలిచి పిలిచి స్థిరపరిచినది. కమ్మరి అన్న ఇంటిపేరున్న రెండు తెలుగు కుటుంబాలు కలుసుకుంటే చుట్టరికం ఉందని ఎవరూ అనుకోరు కదా, టెర్జియన్ల సంగతీ అంతే. కంచుతాళాల పని అలా కాదు. ఏ పల్లెలోనూ దానికి గిరాకీ ఉండదు. అది పెద్ద ఎత్తున కావలసింది సుల్తాను సైన్యానికి, ఆ సైన్యంలో జానిసరీలనే ప్రత్యేక కాల్బలం బ్యాండుకు, ఆ కొలువు ఉన్న కాన్‌స్టాంటినోపుల్ (నేటి ఇస్తాంబుల్) నగరానికి.

ఆ కుటుంబం చెప్పుకునే చరిత్ర ప్రకారం, కాన్‌స్టాంటినోపుల్‌లో అవెదిస్ అనే ఆర్మేనియన్ లోహకారుడు 1618లో రాగి, తగరం, కొద్దిపాటి వెండి కలిపి ఒక మిశ్రమలోహం తయారుచేశాడు. పలుచగా సాగగొట్టినా పగలకుండా, కొడితే స్పష్టంగా మోగే తాళాలు దానితో సాధ్యమయ్యాయి. సుల్తాను రెండవ ఉస్మాన్ మెచ్చి జిల్జియన్ అన్న పేరును బహూకరించాడని, 1623లో నాలుగవ మురాద్ కాలంలో అవెదిస్ సొంత కార్ఖానా పెట్టుకున్నాడని అంటారు. కంపెనీ ఇప్పటికీ తన వయసును 1623 నుంచే లెక్కించుకుంటుంది. బంగారం చేయబోతే ఈ లోహం దొరికిందన్న మాటను మాత్రం నేను ఇంట్లో చెప్పుకునే కథగానే తీసుకుంటాను. సుమారు ఎనభై పాళ్ళు రాగి, ఇరవై పాళ్ళు తగరం ఉండే కంచు మన జేగంటలు పోతపోసేవారికి కూడా కొత్త కాదు. అంత తగరం ఉన్న లోహం చల్లగా ఉన్నప్పుడు సుత్తిదెబ్బకు చిట్లుతుంది కనుక, దాన్ని పగలకుండా పలుచగా రేకులా సాగదీయగలగడంలోనే ఆ ఇంటివాళ్ళ పనితనమంతా ఉంది.

ఇక్కడ గమనించవలసిన సంగతి మరొకటి ఉంది. ఒట్టోమన్ ఆర్మేనియన్లలో చాలామందికి పందొమ్మిదవ శతాబ్దం దాకా స్థిరమైన ఇంటిపేరు లేదు. తాత పేరు హగోప్ అయితే మనవళ్ళు హగోపియన్‌లు, ఆ తరువాతి తరానికి వేరే తాత, వేరే పేరు. అటువంటి కాలంలో ఒక వృత్తినామం పదిహేడవ శతాబ్దం నుంచి ఒకే ఇంట్లో నిలిచిందంటే, ఆ పేరుతో పాటు వారసత్వంగా అందుతున్న రహస్యం ఒకటి ఉండటమే కారణం. లోహం కలిపే విధానం తండ్రి నుంచి కొడుక్కు, కొడుకు లేకపోతే దగ్గరి మగ వారసుడికి మాత్రమే చెప్పేవారు. పేరుకు విలువ తెచ్చింది ఆ రహస్యమే, ఎక్కువమందికి పాకకుండా చేసిందీ ఆ రహస్యమే. 1865లో పగ్గాలు చేపట్టిన కెరోపే పేరు మీదే ‘కె జిల్జియన్’ తాళాలు వచ్చాయి. తరువాతివాడైన అరామ్, సుల్తాను రెండవ అబ్దుల్ హమీదుకు వ్యతిరేకంగా సాగిన ఆర్మేనియన్ ఉద్యమంతో సంబంధముండటంతో బుకారెస్టుకు పారిపోవలసి వచ్చింది. చివరికి ఆయన, అమెరికాలో మిఠాయి వ్యాపారం చేసుకుంటున్న అన్న కొడుకు మూడవ అవెదిస్‌కు బాధ్యత అప్పగించాడు. 1929లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని క్విన్సీలో కొత్త కార్ఖానా మొదలైంది. ఇప్పుడు కంపెనీ ఉన్న నార్వెల్ కూడా ఆ దగ్గరలోనిదే.

మీ దగ్గర ఒక జిల్జియన్ సింబల్ ఉంటే దీపం వెలుగు పక్కనుంచి పడేలా పట్టుకుని చూడండి. సిరాతో అచ్చువేసిన పెద్ద లోగో కాదు, లోహంలోకి నొక్కిన చిన్న ముద్ర ఒకటి ఉంటుంది, వాడి వాడి అరిగిన వాటి మీద అది వేలికి తగులుతుంది కానీ కంటికి సరిగా ఆనదు. పైన అరబిక్ లిపిలో ఒట్టోమన్ రాత, కింద అవెదిస్ జిల్జియన్ కంపెనీ, దాని కింద ‘జెన్యూయిన్ టర్కిష్ సింబల్స్’, ఆ కింద ‘మేడిన్ యూఎస్ఏ’. ఆర్మేనియన్ మనిషి, తుర్కీ పని, అమెరికా చిరునామా ఒకే ముద్రలో ఇమిడిపోయాయి. ఆర్కెస్ట్రా రోజుల్లో మా ముందున్న సీనియర్ ఒకాయన దీన్ని చూసి ఇది టర్కీ సరుకు అని అందరికీ చెబుతుండేవాడు. చరిత్ర తెలియకపోతే ఆ ముద్ర చదివిన ఎవరికైనా అలాగే తోస్తుంది.

ఇక అరుదు అన్న మాటకు వస్తే, ఆర్మేనియన్ ఇంటిపేర్ల విషయంలో ఇంటర్నెట్‌లో కనిపించే ‘ఈ పేరు ప్రపంచంలో ఇంతమందికే ఉంది’ అన్న లెక్కలను నేను పెద్దగా నమ్మను. అక్కడ అరుదుగా కనిపించేది చాలాసార్లు పేరు కాదు, దాని స్పెల్లింగు. ఆర్మేనియన్‌కు తూర్పు, పడమర అని రెండు ఉచ్చారణలు ఉన్నాయి. ఆర్మేనియా దేశంలో వినిపించేది తూర్పుది, టర్కీ ప్రాంతాల నుంచి చెదిరిపోయి బేరూత్, పారిస్, బోస్టన్‌లలో స్థిరపడినవారిది పడమటిది. ఒకే అక్షరాన్ని అక్కడ ‘ప’ అంటే ఇక్కడ ‘బ’ అంటారు, అక్కడ ‘చ’ అంటే ఇక్కడ ‘జ’ అంటారు. ఆర్మేనియా రాజధాని యెరెవాన్‌లోని పెట్రోస్యాన్ వాటర్‌టౌన్‌లో బెద్రోసియన్, కరపెత్యాన్ గరబెదియన్, హకోబ్యాన్ హగోపియన్. సోవియట్ ఆర్మేనియా నాయకుడు కరెన్ దెమిర్చ్యాన్ ఇంటిపేరూ, బోస్టన్ చుట్టుపక్కల తగిలే దెమిర్జియన్ అన్న ఇంటిపేరూ ఆర్మేనియన్ లిపిలో పెడితే దాదాపు ఒకటే. ఆ లెక్కన జిల్జియన్‌ను ఆర్మేనియాలో జిల్చ్యాన్ అని చదవాలి. పైగా మనం చూసే రోమన్ స్పెల్లింగులో (Zildjian) ‘జె’కు ముందు ‘డి’ రావడం ఫ్రెంచి పద్ధతి. కాన్‌స్టాంటినోపుల్ వ్యాపారులు విదేశాలతో వ్యవహరించడానికి ఫ్రెంచి ఎక్కువగా వాడేవారు, పాత తాళాల ముద్రలలో ఆ ఛాయ స్పష్టంగా ఉంటుంది.

టర్కీలోనే ఉండిపోయినవారి కథ వేరు. అక్కడ 1934లో ఇంటిపేర్ల చట్టం వచ్చింది, ప్రతి పౌరుడూ ఒక ఇంటిపేరు నమోదు చేసుకోవలసిందే. దానితో పాటు వచ్చిన నిబంధనలు ‘యాన్’, ‘ఓఫ్’, ‘పులోస్’ లాంటి ఇతర జాతుల తోకలు ఉన్న పేర్లను కొత్తగా నమోదు చేయకూడదన్నాయి. చాలామంది ఆర్మేనియన్ల ఇంటిపేర్లు అప్పుడు తోక తెగి తుర్కీ రూపం దాల్చాయి. కె జిల్జియన్ కార్ఖానాను ఇస్తాంబుల్‌లో చివరిదాకా నడిపిన మికాయేల్ ఇంటిపేరు జిల్చాన్. అక్కడ పని నేర్చుకుని తరువాత ఇస్తాంబుల్ సింబల్స్ మొదలుపెట్టిన ఇద్దరిలో ఒకరైన ఆగోప్ ఆర్మేనియనే, ఇంటిపేరు మాత్రం తొముర్జుక్, తుర్కీలో మొగ్గ అని అర్థం. ఆ ఇంటిపేరు ఒక్కటీ చూస్తే ఆయన ఆర్మేనియన్ అని పోల్చుకోలేం, పిలుపు పేరు చూస్తేనే తెలుస్తుంది. జిల్జియన్ పుట్టిన నగరంలోనే ఆ పేరు కనుమరుగైన తీరు ఇది.

దీనికి పూర్తిగా ఎదురు పరిస్థితి మా పక్కింటి పెద్దావిడ ఇంట్లో ఉంది. ఆవిడ పుట్టింటి పేరు హగోపియన్, ఆర్మేనియన్లలో ఇంతకంటే సాధారణమైన ఇంటిపేరు వెతికినా దొరకదు. కానీ ఆవిడ తాత 1915 నాటి ఆర్మేనియన్ల ఊచకోతలో అందరినీ పోగొట్టుకుని, ఇప్పటి టర్కీ తూర్పున ఉన్న ఖర్పెర్త్ ప్రాంతం నుంచి లెబనాన్‌లోని ఒక అనాథాశ్రమానికి చేరిన పసివాడు. ఇంటిపేరు అడిగితే చెప్పలేకపోయాడు, నాన్న పేరు హగోప్ అని మాత్రం చెప్పాడు. రిజిస్టరు రాసే గుమాస్తా దానికి ‘యన్’ తగిలించాడు. ఆ కుటుంబానికి అంతకుముందు ఏ ఇంటిపేరు ఉండేదో ఇప్పుడు ఎవరికీ తెలియదు. ఇంకో హగోపియన్ ఎదురైతే ఈవిడ ఇంటిపేరు గురించి ఒక్క ముక్క కూడా మాట్లాడదు. ‘మీ పెద్దవాళ్ళది ఏ ఊరు?’ అని మాత్రమే అడుగుతుంది. ఒట్టోమన్ ఆర్మేనియన్ల వంశాలను వెతకడానికి ఇంతకంటే పనికొచ్చే ప్రశ్న లేదని నాకూ అనిపిస్తుంది. పేరు ఎంత అరుదైనదైనా, ఎంత సాధారణమైనదైనా, తాతముత్తాతల ఊరు తెలియకుండా చుట్టరికం తేల్చలేం.

మన దేశానికి వచ్చిన ఆర్మేనియన్ల పేర్లు కూడా ఇలాగే గుర్తుపట్టలేనంతగా మారాయి. ఇరాన్‌లోని న్యూ జుల్ఫా నుంచి వ్యాపారానికి వచ్చి మచిలీపట్నం, మద్రాసు, కలకత్తాలలో ఉన్నవారిలో చాలామంది ‘యన్’ అన్న తోకనే వాడలేదు, వాడినవారి వారసులు ఇంగ్లీషు నోటికి తగ్గట్టు పేరు కత్తిరించుకున్నారు. కలకత్తాలో 1846లో పుట్టి హాంగ్‌కాంగ్‌లో ప్రముఖుడైన సర్ పాల్ చేటర్ అసలు ఇంటిపేరు అస్త్వత్సతూరియన్, దేవుడిచ్చినవాడి వంశమని దాని అర్థం. అంత పొడుగు పేరులో మిగిలింది చివర కొస మాత్రమే. చేటర్ అన్న ఆర్మేనియన్ ఇంటిపేరు అత్యంత అరుదు అని ఎవరైనా అంటే అది నిజమే, కానీ ఆ నిజం వల్ల పెద్ద ప్రయోజనం లేదు.

జిల్జియన్ విషయానికి వస్తే, స్పెల్లింగు తికమకలన్నీ తీసివేసినా అది నిజంగా అరుదైన పేరే. వృత్తి అరుదు, ఆ వృత్తిని ఒకే ఇల్లు పట్టి ఉంచింది, పుట్టిన ఊళ్ళో చట్టం దాన్ని మార్చింది, అమెరికాకు చేరాక అది వ్యాపార చిహ్నమై చట్టబద్ధమైన ఆస్తిగా మారింది. అయినా తుర్కీ మాట్లాడే ప్రాంతాల్లో తాళాల పని చేసిన వేరే ఆర్మేనియన్‌కు ఇదే పేరు విడిగా వచ్చి ఉండే వీలు లేకపోలేదు కనుక, ఎక్కడైనా ఒక జిల్జియన్ కనిపించగానే సింబల్స్ వారి బంధువని తీర్మానించకండి.

ఆ ఆస్తి తగాదాలోనే మీ చివరి ప్రశ్నకు జవాబు ఉంది. 1979లో మూడవ అవెదిస్ చనిపోయాక కొడుకులు ఆర్మండ్, రాబర్ట్ మధ్య వివాదం నడిచి, 1981లో విడిపోయారు. కంపెనీ ఆర్మండ్‌కు దక్కింది. రాబర్ట్‌కు కెనడాలోని న్యూ బ్రన్స్‌విక్‌లో ఉన్న కార్ఖానా వచ్చింది కానీ, తన తాళాల మీద సొంత ఇంటిపేరు వేసుకునే హక్కు రాలేదు. అప్పుడాయన తన ముగ్గురు పిల్లలు శాలీ, బిల్లీ, ఆండీల పేర్లలోని మొదటి రెండేసి ఇంగ్లీషు అక్షరాలను కూర్చి సేబియన్ అన్న పేరు తయారుచేశాడు. వినడానికి ఆర్మేనియన్ ఇంటిపేరులా ఉన్నా, ఆ పిల్లలకు కూడా అది ఇంటిపేరు కాదు.