టెనెరిఫెలో ఫ్లాటు సరే, చేతిలో తొమ్మిది నెలల ఖర్చు ఏదీ?

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో ఉంటాం. ఐటీ కాంట్రాక్టర్‌ని. నా భార్యది పార్ట్‌టైమ్ ఉద్యోగం, ఇద్దరు పిల్లలు. మూడేళ్లుగా డిసెంబరు సెలవులకు స్పెయిన్‌కు చెందిన టెనెరిఫె దీవికి వెళ్తున్నాం. అక్కడ లాస్ క్రిస్టియానోస్‌లో రెండు బెడ్‌రూమ్‌ల ఫ్లాటు 2,80,000 యూరోలకు వస్తోంది. స్పెయిన్ బ్యాంకు 65 శాతం లోన్ ఇస్తానంది. మిగతాదానికి రెడింగ్ ఇంటిని రీమార్ట్‌గేజ్ చేసి, అంటే దాని మీద అప్పు పెంచి 70 వేలు, పొదుపులోంచి 36 వేలు, పర్సనల్ లోన్ 20 వేలు సర్దుతున్నాను. మేం లేనప్పుడు టూరిస్టులకు ఇస్తే నెలకు 1,400 వస్తుందని ఏజెంటు చెబుతున్నారు. వచ్చే వారం 10 శాతం అడ్వాన్సు కట్టాలి. కొనవచ్చా?

జవాబు: వద్దండి. ఈ ఏడాది వద్దు, ఈ పద్ధతిలో అయితే ఎప్పుడూ వద్దు.

చలికాలం అయిపోగానే ఇలాంటి ఉత్తరాలు చాలా వస్తాయి. మీదే తీసుకోవడానికి కారణం మీరు పంపిన ఎక్సెల్ షీటు. కొనుగోలు పన్ను 6.5 శాతం దగ్గర్నుంచి నోటరీ, లాయరు ఫీజు, ఆఖరికి కర్టెన్ల ఖర్చు దాకా రాశారు. అన్నీ కలిపి ధర మీద ఇంకో 28 వేలని సరిగ్గానే తేల్చారు. కింది వరుస దాకా చూసుకుంటూ వెళ్లాను. కొన్న మర్నాడు బ్యాంకులో ఎంత మిగులుతుందో చెప్పే గడి మాత్రం ఎక్కడా లేదు. నేనే వేసి చూశాను. సున్నా వచ్చింది.

ఇప్పుడు మీ ఇంటి ఖర్చు నెలకు 3,400 యూరోలు. చేతిలో 36 వేలున్నాయి. రేపు పని పోయినా పది నెలలు ఎవరి ముందూ చెయ్యి చాచకుండా బతకగలరు. ఫ్లాటు కొన్నాక? మీరు రాసిన వడ్డీల ప్రకారమే నెల కిస్తీ స్పెయిన్ లోన్‌కు 1,055, రీమార్ట్‌గేజ్‌కు 443, పర్సనల్ లోన్‌కు 396. మెయింటెనెన్స్, ఆస్తిపన్ను, ఇన్సూరెన్స్‌కు మరో 250 వేసుకోండి. నెల ఖర్చు 5,550కి చేరుతుంది. పొదుపు ఖాళీ. జీతగాళ్లయితే ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టమంటాను. కాంట్రాక్టర్లకు తొమ్మిది నెలలకు తక్కువ ఒప్పుకోను. అంటే ఫ్లాటు కొన్న రోజున కూడా మీ దగ్గర ముట్టుకోని డబ్బు 50 వేల యూరోలు ఉండాలి. అది లేనప్పుడు ఆ ఫ్లాటు మీ స్తోమతకు మించినదే.

అసలు డౌన్‌పేమెంటుకు పర్సనల్ లోన్ ఏమిటండీ? సొంత డబ్బు ఎంత పెట్టగలరో చూద్దామని బ్యాంకు 35 శాతం మిమ్మల్ని పెట్టుకోమంది. అందులోనూ అప్పే తెచ్చి పోస్తే మీరు నిలబడింది అప్పు మీద. అదీ చాలక పిల్లలు ఉంటున్న ఇంటిని సెలవుల ఇంటి కోసం తాకట్టు పెడుతున్నారు. ఈ రెండింటికీ నేను సరే అనలేను.

నాలుగేళ్ల కిందట నా దగ్గరికొచ్చిన ఒక జంట గుర్తొస్తున్నారు. అక్కడి మరో దీవి ఫుయెర్తెవెంతురాలో ఇలాగే కొన్నారు. పదకొండో నెలలో ఆయన కాంట్రాక్టు రెన్యూ కాలేదు. కిస్తీలు క్రెడిట్ కార్డుల మీదికి ఎక్కాయి. ఆవిడ హ్యాండ్‌బ్యాగులోంచి మూడు కార్డులు తీసి నా బల్ల మీద వరసగా పెట్టారు. మూడోదానికి యాక్టివేట్ చేసుకోమనే స్టిక్కరు ఇంకా అంటుకునే ఉంది. అమ్ముదామంటే బేరం కుదరడానికి ఎనిమిది నెలలు పట్టింది. స్పెయిన్‌లో నివాసం లేనివాళ్లు అమ్మితే కొన్నవాళ్లు ధరలో 3 శాతం పట్టుకుని అక్కడి పన్ను శాఖకు కట్టాలి. డబ్బు అత్యవసరమైన ఆ సమయంలోనే అంత మొత్తం అక్కడ ఆగిపోయింది. వాళ్ల దగ్గర తొమ్మిది నెలల ఖర్చు ఉండి ఉంటే ఆ ఫ్లాటు ఈరోజుకీ వాళ్లదే.

ఇక ఇన్సూరెన్స్. మీకున్నది ఇండియాలో తీసుకున్న 50 లక్షల టర్మ్ పాలసీ ఒక్కటే. యూరోల్లో దాదాపు 50 వేలు. కొత్తగా నెత్తికెత్తుకునే అప్పు 2,72,000. కాంట్రాక్టరు కాబట్టి కంపెనీ ఇచ్చే లైఫ్ కవర్ ఏదీ మీకు లేదు. మీకేదైనా అయితే రెండు దేశాల బ్యాంకులు మీ భార్యకే ఫోన్ చేస్తాయి. ఫ్లాటు సంగతి పక్కన పెట్టినా ఈ నెలలోనే యూకేలో పెద్ద టర్మ్ పాలసీ, తీవ్రమైన జబ్బులకు క్రిటికల్ ఇల్‌నెస్, జబ్బుతో సంపాదన ఆగితే ఆదుకునే ఇన్‌కమ్ ప్రొటెక్షన్ తీసుకోండి. ఎప్పుడు కొన్నా ఇంటి పాలసీని ఒక్క రోజు కూడా ల్యాప్స్ కానివ్వకండి. 2021 సెప్టెంబరు 19న దగ్గర్లోని లా పాల్మా దీవిలో అగ్నిపర్వతం పేలి 85 రోజుల్లో వెయ్యికి పైగా ఇళ్లు లావా కింద పోయాయి. అలాంటి విపత్తులకు పరిహారమిచ్చే స్పెయిన్ ప్రభుత్వ బీమా సంస్థ ఇంటి పాలసీ నడుస్తున్నవాళ్లకే డబ్బు ఇస్తుంది.

అద్దె 1,400 అన్న మాటను మీ షీటులోంచి తీసేయండి. 2025 ఏప్రిల్ 3 నుంచి స్పెయిన్‌లో అపార్ట్‌మెంటును కొత్తగా టూరిస్టులకు ఇవ్వాలంటే ఓనర్ల సంఘంలో అయిదింట మూడు వంతుల ఆమోదం ఉండాలి. టెనెరిఫె దక్షిణ తీరంలో టూరిస్టు కాంప్లెక్సుగా నమోదైన చోట్ల అద్దెల వ్యవహారం ఒకే ఆపరేటరుది, ఓనరు సొంతంగా ఇచ్చుకోకూడదు. ఈ రెండింటి గురించీ ఏజెంటు మీకు ఏమీ చెప్పినట్టు లేదు. అన్నీ కుదిరినా యూకేలో ఉండేవాళ్లకు ఆ అద్దె మీద అక్కడ 24 శాతం పన్ను. ఇవ్వకుండా ఖాళీగా ఉంచుకున్నా ఏటా కొంత పన్ను ఉంటుంది.

మీవి ఇంకా ఇండియన్ పాస్‌పోర్టులే అని రాశారు. అక్కడి సొంత ఇంటికి వెళ్లడానికి కూడా నలుగురికీ షెంగెన్ వీసా, అంటే స్పెయిన్‌తో సహా చాలా యూరప్ దేశాలకు పనికొచ్చే వీసా కావాలి. ఆస్తి కొంటే నివాస హక్కు ఇచ్చే గోల్డెన్ వీసాను స్పెయిన్ 2025 ఏప్రిల్‌లోనే ఎత్తేసింది.

సంపాదన పౌండ్లలో, కిస్తీ యూరోల్లో. 2016 జూన్‌లో 1.30 యూరోల దగ్గరున్న పౌండు అక్టోబరుకల్లా 1.11 దాకా దిగింది. ఆ లెక్కన మీ 1,055 కిస్తీ 811 పౌండ్ల నుంచి 950కి పెరిగినట్టే.

టెనెరిఫె మీద మీ ఇష్టం నాకు అర్థమైంది. ప్రతి డిసెంబరులో రెండు వారాలు అద్దెకు తీసుకోండి, వడ్డీ ఖర్చుతో పోలిస్తే అది చాలా తక్కువ. మీ 36 వేలలో 30,600 ఇప్పటి ఖర్చుకు తొమ్మిది నెలల నిధి, దాన్ని కదపవద్దు. మిగిలిన 5,400తో ఫ్లాటు కోసం వేరే ఖాతా తెరవండి. ఖర్చులతో సహా బ్యాంకు ఇవ్వని మొత్తమంతా అందులో సొంత పొదుపుగా జమయ్యాక, నిధి 50 వేలకు చేరాక మళ్లీ రాయండి. అప్పుడు మంచి ఫ్లాటు ఎలా ఎంచుకోవాలో ఇద్దరం కూర్చుని చూద్దాం.

ఏజెంటుకు మాత్రం రేపే మెయిల్ పెట్టండి. అక్కడ ‘అర్రాస్’ అనే అడ్వాన్సు ఒప్పందం మీద సంతకం చేసి 28 వేలు కట్టాక మీరు వెనక్కి తగ్గితే ఆ డబ్బు పోయినట్టే. ఇంకా సంతకం పెట్టలేదన్నారు కాబట్టి ఇప్పుడు మానుకుంటే మీకు పోయేదేమీ లేదు.