పక్షి ఈకకు పట్టేది నూనెయా, తైలమా?

సందేహం: మా బడి గోడపత్రికకు భద్రకాళి చెరువు పక్షులను గురించి రాస్తూ, ‘పక్షులు తోక దగ్గరి గ్రంథి నుండి వచ్చే నూనెను ఈకలకు రాసుకుంటాయి; దానివల్ల అవి నీటిలో తడవవు’ అన్నాను. నూనె అంటే గింజల నుండి తీసేదే కాబట్టి ఇక్కడ ‘తైలం’ అనాలని, కాకుంటే ‘స్రావం’ అనాలని తోటి ఉపాధ్యాయులొకరు అభ్యంతరం చెప్పారు. ఏది సరి? – ఒక ఉపాధ్యాయురాలు, హనుమకొండ

సమాధానం: ‘నూనె’ను మార్చనక్కరలేదు. నిజానికి మీ వాక్యంలో మార్చవలసింది ‘దానివల్ల’ అన్న మాటను, కాని అభ్యంతరం దాని మీద రాలేదు.

నువ్వు, నెయ్యి కలిసి నూనె అయింది కనుక, పుట్టుకను బట్టి అది నువ్వుల నూనె ఒక్కటే కావాలి. తమిళంలోనూ ఎళ్, నెయ్ కలిసి ఎణ్ణెయ్ అయింది. అక్కడా అర్థం నువ్వుల దగ్గర ఆగలేదు. పోనీ తైలం అందామంటే, అదీ తిలల నుండి, అంటే నువ్వుల నుండి వచ్చిన మాటే కాబట్టి మీ తోటి ఉపాధ్యాయులు ఒక గానుగ వదిలి మరో గానుగకు చేరినట్లే అవుతుంది. వాడుక ఈ హద్దును ఎప్పుడో దాటింది. చేపనూనె గింజలది కాదు. మన ఊళ్లలో కిరసనాయిలును గాసునూనె అన్నవాళ్లు నువ్వులను తలచుకుని అనలేదు. ఇక ‘స్రావం’ అన్న మాట ఆ పదార్థం ఒంటిలో నుండి ఊరి వస్తుందని చెబుతుందే కాని, అది ఎటువంటిదో చెప్పదు. రసాయన దృష్టితో చూస్తే అందులో మైనపు జాతి పదార్థాలే ఎక్కువ, అయినా చేతికి తగిలినప్పుడు తోచేది నూనె జిడ్డే. నాటుకోడిని కాల్చి, పసుపు పూసి కోసేటప్పుడు తోక మొదట్లో, వీపు వైపున, చిన్న మొన తేలిన పసుపుపచ్చని గడ్డ కనిపిస్తుంది. దాన్ని నొక్కితే చిక్కటి జిడ్డు బయటికి వస్తుంది. కూరకు వాసన పడుతుందని చాలామంది దాన్ని కోసి పారేస్తారు. ఆ గడ్డే మీరన్న గ్రంథి. (దీన్ని ‘గ్రంధి’ అని రాయడం అచ్చులో తరచుగా కనబడుతున్నది, మీరు థకారమే వాడారు, అదే సరి.)

‘రాసుకుంటాయి’ తప్పు కాదు గాని, ‘పట్టిస్తాయి’ అంటే జరిగే పనికి మరింత దగ్గరగా ఉంటుంది. పక్షి ఆ మొనను ముక్కుతో నొక్కి, నూనెను ముక్కుకు అంటించుకుని, ఒక్కొక్క ఈకను మొదలు నుండి కొస దాకా ముక్కు నడుమ లాగుతుంది. ముక్కు అందని తలకు మాత్రం, తలనే ఆ గ్రంథికేసి రుద్దుకుంటుంది కాబట్టి అక్కడ ‘రాసుకోవడమే’ తగిన మాట.

ఇక ‘దానివల్ల’ సంగతి. ‘వల్ల’ అన్నప్పుడు కారణమంతా నూనె మీదే పడుతుంది. ఈక కాడకు ఇరువైపులా పోగులు, వాటి మీద మరీ సన్నని పోగులు, వాటికి కంటికి కనబడనంతటి కొక్కేలు ఉంటాయి. ఈ అల్లిక బిగువుగా ఉండడమే నీరు లోపలికి దిగకపోవడానికి ముఖ్య కారణం. పూర్తిగా పెరిగిన ఈకకు మన వెంట్రుకకు మాదిరిగానే లోపలి నుండి పోషణ అందదు కనుక, అది రాలి కొత్తది వచ్చేదాకా పెళుసుబారకుండా, ఆ అల్లిక చెడకుండా కాపాడేది ఈ నూనె. గ్రంథిని తీసివేసిన బాతులలో ఈకలు క్రమంగా పాడైనట్లు పరిశోధనలలో తేలింది. ఈకను తినే కొన్ని రకాల బ్యాక్టీరియాను ఈ నూనె పెరగనీయదని కూడా ప్రయోగశాలలలో చూశారు. మీ భద్రకాళి చెరువులోనే మునిగి లేచి, రాతి మీద రెక్కలు చాపి ఎండకు నిలబడే నీటికాకిని చూడండి. దానికీ ఈ గ్రంథి ఉన్నది, అయినా ఈకల అంచుల అల్లిక వదులుగా ఉండడం చేత పైభాగం తడుస్తుంది. అందుచేత ‘తడవవు’ కంటే ‘నానిపోవు’ అనడం మేలు. తడవడం పైపైన జరిగేది, నానడం లోపలికి దిగేది. ‘ఆ నూనె ఈకలను పెళుసుబారనీయదు, అల్లిక చెడని ఈకలు నీటిలో త్వరగా నానవు’ అని రాస్తే భాషా, విషయమూ రెండూ నిలుస్తాయి.

‘పక్షులు’ అన్న కర్తకు ముందు ‘చాలా’ చేర్చడం కూడా అవసరమే. నిప్పుకోడికి, ఈమూకు ఈ గ్రంథి లేదు. పావురాలలో కొన్నింటికి అది లేకపోయినా, ఈకల నుండి రాలే మెత్తని పొడి ఉంటుంది; పావురం కిటికీ అద్దానికి కొట్టుకున్నప్పుడు రెక్కల ఆకారంలో తెల్లని అచ్చు పడేది ఆ పొడి వల్లనే. ఈ ‘వల్ల’కు మాత్రం నాకు అభ్యంతరం లేదు.