పేరు నాలుక చివరే ఉంటుంది... బయటికి రాదు. ఇది మతిమరుపేనా?

ప్రశ్న: నా వయసు 48. టీచర్‌గా పనిచేస్తున్నాను. ఏడాదిగా మాట్లాడుతుంటే బాగా తెలిసిన పేర్లే నోటికి రావట్లేదు. మనిషి ముఖం కళ్ల ముందు ఉంటుంది, పేరు మాత్రం నాలుక చివరే ఆగిపోతుంది. కాసేపటికి గుర్తొస్తుంది. అప్పుడప్పుడూ ఒక మాట అనబోయి ఇంకోటి అంటున్నాను. చాలా టెన్షన్‌గా ఉంది. మతిమరుపు జబ్బు మొదలైందంటారా?

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి చూస్తే అలా అనిపించడం లేదు. కాసేపటికి గుర్తొస్తోందంటే ఆ పేరు మెదడులోంచి చెరిగిపోలేదన్నమాట.

మాట్లాడే ముందు మెదడు చెప్పదలచుకున్న విషయానికి తగిన పదాన్ని ఎంచుకుంటుంది. తర్వాత అందులోని ధ్వనులను వెతికి వరసలో పెడుతుంది. ఆపైన నాలుక, పెదవులు, స్వరపేటిక ఎలా కదలాలో నిర్ణయిస్తుంది. బొమ్మ చూసి దాని పేరు చెప్పడానికి మనకు పట్టేది సుమారు 0.6 సెకన్లే. ఈ తయారీ ఎంత ముందుగా సాగుతుందో మన తప్పులే చెబుతాయి. ‘పాత కథ’ అనబోయి ‘కాత పథ’ అన్నామనుకోండి. మొదటి మాట పెదవి దాటకముందే రెండో మాటలోని ‘క’ సిద్ధమైపోయిందన్నమాట! ‘పిల్లి’ అనబోయి ‘కుక్క’ అంటే మాత్రం పొరపాటు పదం ఎంచుకునే దగ్గరే జరిగింది. ఇలాంటివి అందరికీ జరిగేవే.

మీ సమస్యలో పదం దొరుకుతోంది, దాని ధ్వనులు పూర్తిగా అందడం లేదు. అందుకే ఒక్కోసారి మొదటి అక్షరం తెలిసినట్టే ఉంటుంది. మనుషుల పేర్లతో ఈ ఇబ్బంది ఎక్కువ, వయసుతో పెరుగుతుంది కూడా. అలా ఆగినప్పుడు పట్టుబట్టి బుర్ర బద్దలు కొట్టుకోకండి. ఎవరినైనా అడిగో, ఫోన్లో చూసో తెలుసుకుని, ఆ పేరును ఒకసారి పైకి అనండి.

అయితే మాట ఉన్నట్టుండి తడబడినా, మూతి వంకర పోయినా, ఒకవైపు చెయ్యి పట్టు తప్పినా అది పక్షవాతం కావచ్చు. తగ్గుతుందిలే అని ఆగకుండా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా మొదటి 4.5 గంటల్లోపే ఇస్తారు. రోజూ వాడే వస్తువుల పేర్లు కూడా మర్చిపోతున్నా, ఎదుటివాళ్ల మాటలు అర్థం కాకపోతున్నా న్యూరాలజిస్టును కలవండి.

ఇవేవీ లేకపోయినా, ఏడాదిగా ఉందంటున్నారు కాబట్టి ఒకసారి మీ డాక్టరుకు చూపించుకుని థైరాయిడ్, బి12 పరీక్షలు చేయించుకోండి. నిద్ర సరిగా పడుతోందో లేదో కూడా చెప్పండి. కొన్ని మందుల వల్ల కూడా మాటలు తట్టవు, అందుకే వాడుతున్న మాత్రలన్నీ వెంట తీసుకెళ్లండి. మీ అంతట మీరు మాత్రం ఏదీ ఆపొద్దు.