పెట్రోల్ లీడర్ల శిక్షణకు అమ్మాయి పేరు వెళ్లకపోతే

భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్‌లో రెండేళ్లుగా గైడ్‌గా ఉన్న మీ అమ్మాయి పేరు పెట్రోల్ (గైడ్‌ల చిన్న జట్టు) లీడర్ల శిక్షణ శిబిరం జాబితాలో ఎందుకు లేదని అడిగారు. మీరు రాసినదాన్ని బట్టి, అందరూ ఆమెను లీడర్ అని పిలుస్తున్నా ఆ బాధ్యత గైడ్ కంపెనీ (బడిలోని గైడ్‌ల దళం) రికార్డులో నమోదు కాకపోవడమే కారణమై ఉండవచ్చు. ఈ సంస్థలో ఇటువంటి శిబిరాలకు పేర్లు, కంపెనీని నడిపే గైడ్ కెప్టెన్ ద్వారా వెళ్తాయి కనుక, మొదట ఆ కెప్టెన్‌నే కలవండి.

1. బడిలోని గైడ్ కంపెనీ రిజిస్ట్రేషన్ ఈ ఏడాదికి పునరుద్ధరించారో లేదో కనుక్కోండి.

2. ఎక్కువమంది వదిలేసేది ఈ మెట్టునే. ఆరు నుంచి ఎనిమిది మంది ఉండే పెట్రోల్‌కు మీ అమ్మాయి లీడరని రికార్డులో రాయించండి; ప్రథమ, ద్వితీయ సోపానాలలో (గైడ్ శిక్షణలోని మెట్లలో) ఆమె పూర్తి చేసిన ప్రతి అంశానికీ లాగ్ బుక్‌లో తేదీతో సహా కెప్టెన్ సంతకం ఉందో లేదో పేజీ పేజీ చూడండి. నిజంగా కష్టపడిన పిల్ల కేవలం ఒక సంతకం లేక వెనకబడటం నాకు చాలా బాధ కలిగిస్తుంది. పెట్రోల్ లీడర్లు కూర్చునే కోర్ట్ ఆఫ్ ఆనర్ సమావేశాలకూ ఆమెను తప్పక వెళ్లమనండి, ఎందుకంటే నిర్ణయాలు తీసుకోవడం అక్కడే అలవడుతుంది.

3. పదిహేనేళ్లు నిండితే పెద్ద వయసు అమ్మాయిలు చేరే రేంజర్ విభాగం గురించి కూడా అడగండి.