టెక్ సందేహాలు: గోదావరి అని కొడితే వేలు, వాక్యం కొడితే సున్నా

సర్, ఎం.ఏ. చరిత్ర చదువుతున్నాను. డెల్టా కాలువల మీద ప్రాజెక్టు. కాలేజీ లైబ్రరీ లాగిన్‌తో జర్నల్స్ డేటాబేస్‌లోకి వెళ్లి 'పశ్చిమ గోదావరి జిల్లాలో కాలువలు ఎప్పుడు, ఎందుకు తవ్వారు' అని ఇంగ్లిష్‌లో కొడితే ఒక్కటీ రావట్లేదు. ఉత్త 'గోదావరి' అంటే వేలల్లో వస్తున్నాయి. గడువు దగ్గరపడింది, టెన్షన్‌గా ఉంది.
– ఓ విద్యార్థిని, రావులపాలెం

ఇలాంటి డేటాబేస్‌లు చాలావరకు మీ ప్రశ్నను అర్థం చేసుకోవమ్మా, మీరిచ్చిన మాటలు ఉన్నాయా లేవా అని చూస్తాయంతే. 'ఎప్పుడు, ఎందుకు' అన్నవి పేపరు దొరికాక మీరు చదివి తేల్చుకోవాల్సినవి. వెతకడానికి మిగిలేవి రెండే ముక్కలు: చోటు, నీటిపారుదల.

అసలు తిరకాసంతా చోటు దగ్గరే. మీరు వాడిన జిల్లా పేరు పుట్టిందే 1925లో. ధవళేశ్వరం ఆనకట్ట కట్టింది 1847–52 మధ్య. తణుకు, భీమవరం లాంటి పడమటి తాలూకాలు 1904 దాకా గోదావరి జిల్లాలో, ఆ తర్వాత 1925 దాకా కృష్ణా జిల్లాలో ఉన్నాయి. కాబట్టి 1904–25 మధ్య రాతల కోసం 'కృష్ణా' అనీ వెతకాలి. స్పెల్లింగులు ఇంకో గొడవ. కాకినాడను తెల్లదొరలు 'కొకనాడా' అని రాసుకున్నారు. గోదావరి చివర ఒకచోట ఏ-ఆర్-ఐ, ఇంకోచోట ఇ-ఆర్-వై. అందుకే జి-ఓ-డి-ఏ-వి దాకా కొట్టి, ఖాళీ వదలకుండా పక్కనే నక్షత్రం గుర్తు పెట్టండి. రెండూ వస్తాయి. గూగుల్ స్కాలర్‌లో మాత్రం ఈ నక్షత్రం పనిచేయదు. అక్కడ రెండు స్పెల్లింగులూ కొట్టి మధ్యలో 'ఆర్' (OR) అని ఇంగ్లిష్ పెద్దక్షరాల్లో పెట్టాలి. అంటే ఇదో అదో, ఏదున్నా సరే అని.

రెండో ముక్కకి 'డ్యామ్' ఒక్కటే సరిపోదు. ఆనాటి ఇంజినీర్లు రాసింది 'ఆనికట్' అని. తమిళుల అణైకట్టు, మన ఆనకట్ట ఒకే తీరు మాటలు కదా, అదే ఇంగ్లిష్‌లోకి వెళ్లింది. దానికి కెనాల్, ఇరిగేషన్ కలిపి మధ్యలో 'ఆర్' పెట్టి, మొత్తాన్ని ఒక బ్రాకెట్‌లో పెట్టండి. ఊళ్లూ నదీ కూడా అలాగే మధ్యలో 'ఆర్'తో ఇంకో బ్రాకెట్‌లో. రెండింటి మధ్య 'ఏండ్' (AND), అంటే రెండు బ్రాకెట్ల నుంచీ ఒక్కో మాటైనా ఉండాల్సిందే అని. బ్రాకెట్లు మరిచిపోయి ఓసారి నేను సాయంత్రమంతా కావేరి ఆనకట్టల్లో ఈదాను!

పనికొచ్చే పేపరు ఒక్కటి దొరికితే దాని కింద ఉండే సబ్జెక్ట్ పదాలు చూడండి. ఆ పదాలతో మళ్లీ వెతికితే మీకు తోచని పేపర్లు తగులుతాయి. సిద్ధాంత గ్రంథాలకైతే (పీహెచ్‌డీ థీసిస్‌లు) శోధ్‌గంగ అనే వెబ్‌సైట్ ఉంది, లాగిన్ అక్కర్లేదు.

వన్నమై రొయ్యల్లో తెల్లమచ్చ వ్యాధిపై వెతుకుతూ, టైగర్ రొయ్య వద్దని 'నాట్ టైగర్' పెట్టాను. ముఖ్యమైన పేపర్లు మాయమయ్యాయి.
– ఫిషరీస్ విద్యార్థి, భీమవరం

రెండు రొయ్యల్నీ పోల్చిన పేపర్లన్నీ ఆ 'నాట్' దెబ్బకే పోయాయి. దాన్ని తీసేయండి. ఇంకోటి, వన్నమై శాస్త్రీయ నామం 1997లో పీనియస్ నుంచి లిటోపీనియస్‌కి మారింది, తర్వాత చాలామంది మళ్లీ పీనియస్ అనే రాస్తున్నారు. రెండు పేర్లకీ మధ్య 'ఆర్' పెట్టి వెతకండి.